బొంతను తిరగేసి చూడండి

విజయవాడలో బొంతలు, క్విల్టుల ప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

హాలంతా ఒక చుట్టు తిరిగి వచ్చి కూర్చున్నారు. ఈ మాటలు అయ్యాక ఇంకో చుట్టు తిరగమని అడుగుతాను. మొదటి చుట్టులో ఎవరమైనా రంగులే చూస్తాం. బాగుంది అనుకుంటాం, ఫోన్ తీసి ఫొటో కొట్టుకుంటాం, పక్కదాని దగ్గరికి వెళ్తాం. ఇంటికెళ్లి ఆ ఫొటో ముందు పెట్టుకుని కుట్టబోతే సగంలో ఆగిపోతుంది. నడిమి పొర ఎంత మందమో, కుట్టు వరుసల మధ్య ఎంత ఎడం వదిలారో, వెనక ఏ గుడ్డ వేశారో, అంచు పట్టీని మూల దగ్గర ఎలా మడిచారో ఫొటోలో తెలియదు. బొంత నిలబడేది వీటి మీదే.

అందుకని ఈ పూట మీ ముందు పెట్టదలచుకున్న మాట ఒక్కటే. ప్రదర్శనలో ప్రతి బొంత దగ్గరా దాన్ని కుట్టినవాళ్లు తీసుకున్న ఒక నిర్ణయాన్ని వెతికి పట్టుకోండి. ఇంటికెళ్లాక దాన్ని 12 అంగుళాల చదరం మీద కుట్టి చూడండి. మొత్తం బొంతను అనుకరించాలని కూర్చుంటే నెలలు పడుతుంది, చివరికి అది ఇంకొకరి బొంతే అవుతుంది. ఒక్క నిర్ణయాన్ని తెచ్చుకుంటే అది మీ చేతిలో వేరే రూపం తీసుకుంటుంది.

బొంతను గోడకి వేలాడదీసి చూడటం కొత్త అలవాటే. మంచం మీద పరిచినప్పుడు దాన్ని ఏటవాలుగా చూస్తాం, సగం మడతల్లో ఉంటుంది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికన్ క్విల్టులను చిత్రపటాల్లాగా నిలువుగా గోడలకు వేలాడదీసి చూపించింది. అప్పటిదాకా పక్కబట్టలుగా ఉన్నవాటి రంగుల లెక్కనీ గీతల అమరికనీ జనం ఎదురుగా నిలబడి చూశారు. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చిన్న ఊరి ఆడవాళ్ల క్విల్టులు పెట్టారు. పొలం పనులకు తొడుక్కుని అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో కుట్టినవి చాలా ఉన్నాయి అందులో. జేబు ఊడదీసిన చోట ఎండ తగలని ముదురు నీలం చదరం అలాగే ఉంటుంది, మోకాలి దగ్గర రంగు వెలిసి ఉంటుంది. ఆ వెలిసిన రంగునే వాళ్లు లేత రంగుగా వాడుకున్నారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు కూడా వేసింది. మనకి దగ్గరలో అయితే 2019 జనవరిలో చెన్నైలో ఇండియా క్విల్ట్ ఫెస్టివల్ జరిగింది. విజయవాడ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగే దూరం. ఇలాంటివి ఎక్కడ పెట్టినా వెళ్లండి, వెళ్లేముందు చూడటం నేర్చుకుని వెళ్లండి.

చూడటం ఎలాగో చెబుతాను. మొదట 12, 15 అడుగుల దూరంలో నిలబడి కళ్లు సగం మూయండి. బొమ్మ వివరాలు పోయి ముదురు, లేత మాత్రమే మిగులుతాయి. బొంతలో ఆకారం కనిపించేది రంగు వల్ల కాదు, ఆ ముదురు లేతల తేడా వల్ల. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన పెట్టాను కదా, బాగా కనపడాలే అనుకుంటారు. రెండూ ఒకే ముదురులో ఉంటే దూరానికి కలిసిపోతాయి. ఫొటో తీసుకోవడానికి అనుమతి ఉంటే, తీసినదాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి, ఈ సంగతి వెంటనే తేలిపోతుంది. బట్టల కొట్లో గుడ్డలు ఎంచుకునేటప్పుడు కూడా ఇదే చేయండి. బల్ల మీద నాలుగు గుడ్డలు పక్కపక్కన పరిచి, నలుపు తెలుపు ఫొటో తీసి, అందులో రెండు ఒకేలా కనిపిస్తే ఒకటి వెనక్కిచ్చేయండి.

తర్వాత చేయి చాపినంత దూరానికి రండి, పక్కకి జరిగి నిలబడండి. ఎదురుగా చూస్తే కుట్టు గీతలు కనపడవు. పక్కనుంచి చూసినప్పుడు వెలుతురు ఏటవాలుగా పడి, కుట్టు లోపలికి దిగిన చోట నీడా, పొంగిన చోట మెరుపూ తెలుస్తాయి. ఇక్కడ మీ నోటు పుస్తకంలో రాసుకోవాల్సింది: వరుసకీ వరుసకీ మధ్య ఎన్ని వేళ్ల ఎడం, గీతలు ముక్కల అంచుల వెంట వెళ్లాయా, వాటిని పట్టించుకోకుండా అడ్డంగా వెళ్లాయా. బొంత పొంగడం, అణగడం, మెత్తగా వేలాడటం, అట్టలాగా నిలబడటం అన్నీ ఈ ఎడం మీద ఆధారపడి ఉంటాయి.

మూడోది వెనకవైపు. మీరుగా ముట్టుకోవద్దు, చేతి చెమట, నూనె గుడ్డలో దిగి కొన్నాళ్లకి మరకై తేలుతుంది. పెద్ద ప్రదర్శనల్లో తెల్ల చేతితొడుగులు వేసుకున్న కార్యకర్తలు ఉంటారు, అడిగితే అంచు ఎత్తి చూపిస్తారు. ఇక్కడ కూడా అడగండి. వెనక ముడులు కనిపిస్తున్నాయా, ముడతలు కుట్టులో ఇరుక్కున్నాయా, గీతలు కలిసే చోట గుడ్డ ఉబ్బిందా చూడండి. ముందువైపు దాచగలిగినదంతా వెనకవైపు చెప్పేస్తుంది. చివరగా పక్కన పెట్టిన చీటీ చదవండి. కొలతలు, పద్ధతి, ముక్కలు కలిపినదీ, పొరలన్నీ కలిపి కుట్టినదీ (అదే క్విల్టింగ్) ఒకరేనా ఇద్దరా, చేతికుట్టా మిషనా అన్నీ అందులో ఉంటాయి. బొమ్మ గీసుకునే బదులు గడుల లెక్క గీసుకోండి: అడ్డం ఎన్ని, నిలువు ఎన్ని, ఒక్కో గడిలో ఎన్ని ముక్కలు. తొమ్మిది గళ్లు, నడిమి చదరం చుట్టూ పట్టీలు పేర్చే లాగ్ క్యాబిన్ లాంటి సంప్రదాయ అమరికలు అందరివీ. ఒకరు సొంతంగా గీసుకున్న బొమ్మ అయితే వాళ్లని అడిగాకే కుట్టండి.

ప్రేరణ కోసం దూరం పోనక్కర్లేదు. మన మచిలీపట్నం రేవు నుంచి 17, 18 శతాబ్దాల్లో కలంకారీ గుడ్డలు ఐరోపాకి ఓడలకొద్దీ వెళ్లాయి. పలంగ్‌పోష్‌లని పెద్ద పక్కదుప్పట్లు, మధ్యలో పూల చెట్టు, చుట్టూ లతల అంచు. వాటి ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో అద్దకం గుడ్డల్ని నిషేధించి 1759 దాకా ఎత్తేయలేదు. ఐరోపా ఆడవాళ్లు ఆ ఖరీదైన గుడ్డలో ఒక్కో పువ్వూ, ఒక్కో పిట్టా కత్తిరించి తెల్ల నూలు గుడ్డ మీద అతికి కుట్టి క్విల్టులు చేసుకున్నారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుడ్డ ఇప్పటికీ పెడనలో తయారవుతోంది, ఇక్కడినుంచి బస్సులో వెళ్లొచ్చు. దానితో ఆ పని మనం చేసుకోకపోతే ఎవరు చేస్తారు?

చేయడం కష్టం కాదు. కలంకారీ గుడ్డలో ఒక పువ్వు ఎంచుకోండి. నల్ల గీతకి బయట పావు అంగుళం వదిలి కత్తిరించండి. లోపలికి వంగిన చోటల్లా గీత దాకా చిన్న గాటు పెట్టండి, గీతని తెగనివ్వొద్దు. కింద గుడ్డ మీద కచ్చా కుట్టుతో నిలపండి. సూది మొనతో ఆ పావు అంగుళాన్ని కొంచెం కొంచెంగా లోపలికి మడుస్తూ, మడత అంచునే పట్టుకుని చిన్న హెమ్మింగ్ వేసుకుంటూ పోండి. దారం రంగు పువ్వుతో కలవాలి, కింద గుడ్డతో కాదు. కలంకారీలో అంచు గీత నల్లగా ఉంటుంది కాబట్టి నల్ల దారంతో కుడితే కుట్టు మాయమైపోతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఆకు మొన దగ్గర తడబడతారు. మొన దాకా ఒక పక్క కుట్టి, మొనకి మించిన గుడ్డని కొద్దిగా కోసేసి, అప్పుడు రెండో పక్క మడవండి. కొయ్యకపోతే మొన మొద్దుగా ముద్దై కూర్చుంటుంది.

మన దేశంలోనే చూసి నేర్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో. బెంగాల్ కాంథాలో పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన రంగు దారాలతో పరుగు కుట్టు వేసేవారు. కోల్‌కతా శివార్లలో జోకా దగ్గరున్న గురుసదయ్ మ్యూజియంలో పాతవి ఉన్నాయి. బీహార్ సుజనీ, మహారాష్ట్ర గోధడీ, ఉత్తర కర్ణాటక కౌదీ అన్నీ ఈ కుటుంబమే. నా మట్టుకు నాకు అన్నింటికంటే ఎక్కువ నేర్పేది కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవంది. దాన్ని అంచు నుంచి మొదలుపెడతారు. కింద చీర పరిచి, ఒక మూల నుంచి గుడ్డముక్క అంచు మడిచి పెట్టి, పరుగు కుట్టుతో కింద పొరకి కుట్టేస్తారు. దాని పక్కన ఇంకొకటి, దాని మీదికి కొంచెం ఎక్కించి. అలా నాలుగు వైపులా చుట్టి వస్తూ లోపలి వరుసల్లోకి దిగి, నడిమధ్యలో ముగిస్తారు. ముక్కలు కలపడం, క్విల్టింగ్ చేయడం రెండూ ఒకే కుట్టుతో అయిపోతాయి. కొలత బద్ద అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు. నాలుగు మూలల్లో చిన్న ముక్కలు మడిచి పువ్వుల్లాగా పెడతారు, వాటిని ఫులా అంటారు. లెక్కలంటే భయపడే వాళ్లు ఇక్కడినుంచే మొదలుపెట్టడం మంచిది.

లెక్కతో కుట్టాలనుకునే వాళ్లకి ఇప్పుడు ఒక పూర్తి కొలత చెబుతాను, రాసుకోండి. పసిపిల్లలకి సరిపడే బొంత, 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు. 9 అంగుళాల గడులు అడ్డం 4, నిలువు 5, మొత్తం 20. అందులో 10 గడులు తొమ్మిది గళ్లవి, 10 ఒకే గుడ్డవి, చదరంగం బల్ల లాగా ఒకటి విడిచి ఒకటి.

గుడ్డ 44 అంగుళాల పన్నా అనుకుందాం. ముదురు రంగు 60 సెంటీమీటర్లు, లేత రంగు అర మీటరు, ఒకే గుడ్డ గడులకి 90 సెంటీమీటర్లు, అంచు పట్టీకి 40 సెంటీమీటర్లు, వెనక పొరకి మీటరున్నర. ఉతికితే తగ్గేదానికి కూడా కలిపే చెప్పాను.

గుడ్డ ఎక్కడ దొరుకుతుందంటే, మన వస్త్రలత బట్టల మార్కెట్లో తానుల లెక్కన దొరకనిది లేదు, గుంటూరు వాళ్లకి పట్నంబజారు ఉంది. కానీ బొంతకి నాలుగు రంగులు అరేసి మీటరు కావాలంటే చీరల మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లండి. టూ బై టూ రుబియాలో ఒక్కో రంగుకీ పది ఛాయలు వరసగా పేర్చి ఉంటాయి, ముదురు లేతల మెట్లు ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. రుబియాతో ఒక్క చిక్కు, పల్చగా ఉంటుంది, లేత రంగు కింద ముదురు గుడ్డ అంచు నీడలాగా కనిపిస్తుంది. మంగళగిరి నేత గుడ్డ అయితే నేత దట్టంగా ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఇంట్లో బీరువా నిండా పేరంటాల్లో పెట్టిన జాకెట్ ముక్కలు ఉంటాయి, వాటిని వాడతామంటారు. వాడండి, పరీక్ష చేశాక. ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్లతో అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. కరిగి గట్టి పూసలాగా అయితే పాలిస్టర్. రెండూ ఒకే బొంతలో కలిపితే ఉతికినప్పుడు నూలు ముడుచుకుంటుంది, పాలిస్టర్ ముడుచుకోదు, మధ్యలో కుట్టు ముడతలు పడుతుంది. ఇస్త్రీ వేడి ఒకదానికి చాలదు, రెండోది మాడుతుంది. పాత చీరలు తీసేటప్పుడు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, రెండు బొటనవేళ్లతో లాగండి. పోగులు విడిపోతే ఆ భాగం చివికిపోయింది, తక్కువ అరిగిన భాగం వెతకండి. చివికిన గుడ్డ పక్కన కొత్త గట్టి గుడ్డ కుడితే గట్టిది లాగి లాగి పాతదాన్ని చింపుతుంది. పాతవి పాతవాటితోనే కలపండి.

కొన్నదంతా ముందే ఉతికి ఇస్త్రీ చేసుకోవాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 వంతులు తగ్గడం మామూలే. ఎరుపు, నీలిమందు, నలుపు విడివిడిగా నానబెట్టండి. ఉప్పు నీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది నమ్మకం. ఒకసారి అద్దకం అయిపోయిన గుడ్డకి ఉప్పు చేసేదేమీ లేదు. ఎక్కువైన రంగు పోయేదాకా ఉతకడమే దారి. తడి గుడ్డ మీద తెల్ల నూలు పేలిక పెట్టి ఇస్త్రీతో నొక్కండి. పేలిక తెల్లగా లేచి వస్తే ఆ గుడ్డ కోతకి సిద్ధం.

కోత. ముదురు గుడ్డని పన్నా పొడవునా 3 అంగుళాలన్నర వెడల్పు పట్టీలు 5, లేతది 4. ముదురు-లేత-ముదురు వరసలో మూడేసి పట్టీలు కలిపి రెండు సెట్లు కుట్టండి, లేత-ముదురు-లేత వరసలో ఒకటి. ఈ కుట్టిన పట్టీలని మళ్లీ అడ్డంగా 3 అంగుళాలన్నరకి కోయండి. మొదటి రకం 20, రెండో రకం 10 కావాలి. రెండు మొదటివి, మధ్యలో ఒక రెండోది పెట్టి కలిపితే తొమ్మిది గళ్లు. చదరాలు విడివిడిగా కోసి 90 ముక్కలు పేర్చుకునే పని తప్పుతుంది. ఒకే గుడ్డ గడులు 9 అంగుళాలన్నర చదరం, పట్టీకి 4 వస్తాయి. తిరిగే బ్లేడు కట్టర్, మ్యాట్, అవతలివైపు కనిపించే ప్లాస్టిక్ బద్ద ఉంటే సుఖం. కట్టర్ ఎప్పుడూ ఒంటికి దూరంగా తోయాలి, పని ఆగగానే బ్లేడు మూసేయాలి. అవి లేకపోతే గట్టి ప్లాస్టిక్ ఫైలు అట్ట కొలతకి కోసుకుని, సన్నటి సబ్బు ముక్కతో గీసి, కత్తెరతో కోయండి. పోగు దారి తప్పొద్దు. ఐమూలగా కోసిన ముక్క చేతిలోనే సాగిపోతుంది.

ఇప్పుడు అసలు చెడేది ఎక్కడో చెబుతాను. కుట్టు మార్జిన్ పావు అంగుళం. మిషన్ మీద సూది నుంచి పావు అంగుళం కొలిచి కాగితపు టేపు అంటించుకోండి, గుడ్డ అంచు దాని వెంట పోవాలి. టైలరింగ్ వచ్చినవాళ్లకి అర అంగుళం చేతికి అలవాటై ఉంటుంది, వాళ్లే ఇక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకున్నారనుకోండి, మిల్లీమీటరున్నర తేడా, కంటికి ఆనదు. కానీ ఒక్కో కుట్టులో రెండు ముక్కలూ అంత చొప్పున తగ్గుతాయి. తొమ్మిది గళ్ల గడిలో అడ్డంగా రెండు కుట్లు. గడి పావు అంగుళం చిన్నదై 9 అంగుళాల పావు వస్తుంది. పక్కన పెట్టాల్సిన ఒకే గుడ్డ గడి 9 అంగుళాలన్నర ఉంది. ఇక లాగి కుట్టడం మొదలవుతుంది, బొంత మధ్యలో ఉబ్బుతుంది. అందుకే మొదటి గడి అవగానే కొలవండి. తేడా వస్తే టేపు జరపండి, గుడ్డని లాగొద్దు.

ఇస్త్రీ పెట్టెని ఎత్తి పెట్టి నొక్కాలి. చొక్కాకి చేసినట్టు రుద్దితే ముక్కలు వంకర పోతాయి. కుట్టు మార్జిన్‌ని ఎప్పుడూ ముదురు గుడ్డ వైపుకి పడుకోబెట్టండి. తొమ్మిది గళ్లలో అలా చేస్తే మొదటి వరుసలో మార్జిన్లు బయటికి, రెండో వరుసలో లోపలికి తిరుగుతాయి. వరుసలు కలిపేటప్పుడు రెండు మార్జిన్లూ ఎదురెదురుగా ఒకదానికొకటి ఆనుకుని గట్లలాగా తగులుతాయి. వేళ్లతో తడిమితే తెలుస్తుంది. అక్కడ గుండుసూది పెట్టి కుడితే నాలుగు మూలలూ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. ఇక్కడ వేలాడుతున్న బొంతల్లో ఆ చుక్క దగ్గర చూడండి, కుట్టినవాళ్ల ఓపిక అక్కడ తెలిసిపోతుంది.

నడిమి పొర సంగతి. మన బెజవాడ ఎండలకి మందపు పొర వేస్తే ఆ బొంత అటక ఎక్కుతుంది. ఒక మెత్తటి పాత నూలు చీర గానీ, పంచె గానీ ఒక పొర వేస్తే చాలు, ఏసీ గదిలో కప్పుకోవడానికి హాయిగా ఉంటుంది. ఫ్లానెల్ కూడా మంచిదే. ఏకిన దూది వేయాలనుకుంటే కుట్టు వరుసలు రెండు అంగుళాల కంటే ఎడం ఉండకూడదు. విడి దూదికి పట్టు ఉండదు, ఉతికినప్పుడల్లా జరిగి ఒక మూల గడ్డ కడుతుంది. కొట్లో దొరికే పాలిస్టర్ షీటు అయితే పల్చనిది, చదరపు మీటరుకి 100 గ్రాములు తూగేది, అంటే 100 జీఎస్‌ఎం చాలు. అది జరగదు కాబట్టి బెత్తెడు ఎడం వదిలినా ఫర్వాలేదు.

మూడు పొరలు పరచడం అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం, అందరూ తొందరపడేదీ ఇక్కడే. వెనక గుడ్డని పైపొర కంటే అన్ని వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి, తిరగేసి గచ్చు మీద పరిచి, అంచులు టేపుతో అంటించండి. బిర్రుగా ఉండాలి, సాగకూడదు. సాగదీసి అంటిస్తే టేపు తీయగానే అది వెనక్కి ముడుచుకుని పైపొరని ముడతలు పెడుతుంది. దాని మీద నడిమి పొర, దాని మీద పైపొర. నడి మధ్య నుంచి అంచులకి అరచేత్తో సవరించుకుంటూ వెళ్లి, బెత్తెడుకొకటి చొప్పున పిన్నీసులు పెట్టండి. ఈ కొలతకి 100 పైన పడతాయి. చేతికుట్టు వేసేవాళ్లు పిన్నీసుల బదులు పొడుగు కచ్చా కుట్లు వేసుకోవచ్చు, దారం చిక్కుకోదు. వెనకవైపు ముడతలు చాలావరకు ఇక్కడ పిన్నీసుల దగ్గర చేసిన పిసినారితనం వల్లే.

మిషన్ మీద క్విల్టింగ్ చేస్తే 16 నంబరు సూది, కొంచెం పెద్ద కుట్టు, 3 మిల్లీమీటర్లు. మధ్య గీతతో మొదలుపెట్టి బయటికి రండి. గీతలన్నీ ఒకే దిక్కుగా కుట్టండి. ఒకటి పైకీ ఒకటి కిందికీ కుడితే పైపొర ఒకసారి అటూ ఒకసారి ఇటూ జరిగి గీతల మధ్య ఏటవాలు ముడతలు లేస్తాయి. వాకింగ్ ఫుట్ అని మిషన్‌కి బిగించే పాదం ఒకటి ఉంటుంది, అది ఉంటే మూడు పొరలనీ సమానంగా లాగుతుంది. కొనేముందు మీ మిషన్‌కి సరిపోతుందో లేదో ఫుట్ బిగించి చూపించమనండి. లేకపోతే పాత నల్ల మిషన్ల తల మీద ఉండే ఒత్తిడి మర రెండు చుట్లు వదులు చేయండి, చాలావరకు తేడా వస్తుంది.

చేతికుట్టుకి పొట్టి సూది, మూర పొడవు దారం. అంతకంటే పొడుగు తీసుకుంటే గుడ్డలోంచి వెళ్లి వెళ్లి దారం పేలిపోతుంది. చివర ఒక చిన్న ముడి. మొదలుపెట్టాల్సిన చోటికి అంగుళం దూరంలో పైనుంచి సూది దించి, నడిమి పొరలోంచి తెచ్చి, అసలు చోట పైకి తీయండి. ముడి గుడ్డ మీద ఆగుతుంది. అప్పుడు దారాన్ని చిన్నగా గుంజితే టప్పుమని లోపలికి దిగిపోతుంది. ఆ చప్పుడు వినపడిందంటే వెనక్కి తిప్పి చూసినా ముడి కనపడదు. పైచేతి మధ్యవేలికి థింబుల్, అంటే సూది నెట్టే వేలి టోపీ, పెట్టుకోండి, కిందచేతి వేలికి సూది మొన తగిలినప్పుడే మూడు పొరలూ దాటిందని తెలుస్తుంది. అమెరికన్ పోటీల్లో అంగుళానికి 10, 12 కుట్లు చూసి భయపడకండి. అంగుళానికి 5 వేసినా అన్నీ ఒకే పొడవుంటే అందంగా ఉంటుంది. కాంథాల అందమంతా ఆ సమానంలోనే ఉంది.

అంచు పట్టీ గురించి వేగంగా చెబుతాను. రెండున్నర అంగుళాల పట్టీలు 5, ఐమూలగా కలిపి, పొడుగునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. తెరిచి ఉన్న అంచుని బొంత అంచుకి కలిపి కుట్టండి. మూలకి పావు అంగుళం ముందే ఆపాలి, ఇదే కీలకం. ఆపి, పట్టీని పైకి ఐమూలగా మడిచి, మళ్లీ నేరుగా కిందికి మడిచి, అంచు మొదటినుంచి కుట్టు సాగించండి. వెనక్కి తిప్పి హెమ్మింగ్ చేస్తే మూల చక్కగా కూర్చుంటుంది. మొదటి, చివరి కొసలు జానెడు చొప్పున కుట్టకుండా వదిలి, ఆఖరున కలపండి. ప్రదర్శనల్లో తీర్పు చెప్పేవాళ్లు ముందు వేలు పెట్టేది ఆ మూల మీదే. పట్టీ లోపల ఖాళీగా ఉందా, నిండుగా ఉందా అని.

మీ బొంత కూడా వచ్చేసారి ఇలా వేలాడాలంటే వెనక పైభాగంలో గొట్టంలాంటి సంచి కుట్టాలి. 9 అంగుళాల పట్టీని మడిచి కుడితే 4 అంగుళాల గొట్టం వస్తుంది, కర్ర దూరుతుంది. బొంత వెడల్పు కంటే అది రెండు అంగుళాలు తక్కువ ఉండాలి. బట్ట వస్తువులకి మ్యూజియంలలో 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుతురే పెడతారు, మన గదిలో పగటి వెలుతురు దానికి ఎన్నో రెట్లు. కిటికీ ఎదురుగోడ మీద ఏళ్ల తరబడి వేలాడదీస్తే కలంకారీ ఎరుపు కూడా వెలుస్తుంది.

దాచుకోవడానికి ప్లాస్టిక్ కవరు వద్దు. మన ఉక్కకి లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. ఉతికిన పాత పంచెలో చుట్టండి. గంజి పెట్టి దాచొద్దు, పురుగులకి గంజి ఇష్టం. రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి, ఒకే మడత దగ్గర పోగులు తెగుతాయి.

ఇక మీ ప్రశ్నలు.

పట్టు చీరలతో కుట్టవచ్చా అని అడుగుతున్నారు. కుట్టవచ్చు, వాడకానికి కాకుండా గోడకైతే. పాత పట్టు మడత దగ్గర చీలిపోతుంది, కాబట్టి ప్రతి ముక్క వెనకా పల్చటి నూలు గుడ్డ కలిపి కోయండి. జరీ అంచు పక్కన ఉన్న గుడ్డని కోస్తుంది, కుట్టు మార్జిన్‌లోకి జరీ రానివ్వకండి. ఉతకడం మాత్రం కుదరదు.

ఇంకొకరు, బొంత మొదటిసారి ఉతికాక అంతా ముడతలు పడింది, పాడైనట్టేనా అంటున్నారు. ముడతలు బొంత అంతటా ఒకే తీరుగా ఉంటే నడిమి నూలు పొర ముడుచుకుంది, అంతే. పాత బొంతల మెత్తదనం అలా వచ్చిందే, కొందరు కావాలని ఆ పొరని ఉతక్కుండా వేస్తారు. ఒక్క చోటే ముడతలుంటే ఆ ముక్క వేరే గుడ్డ అయి ఉంటుంది, లేదా అక్కడ పిన్నీసులు చాల్లేదు. ఆ భాగం కుట్టు విప్పి, సవరించి, మళ్లీ కుట్టుకోవచ్చు. ఉతికేటప్పుడు పిండొద్దు, మడిచి నొక్కి నీళ్లు దించండి. ఆరేసేటప్పుడు తీగ మీద ఒక్క అంచున క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే తడి బరువంతా ఆ కుట్టు మీదే పడి దారం తెగుతుంది. డాబా మీద నవారు మంచం వేసి, పాత దుప్పటి పరిచి, దాని మీద తిరగేసి నీడపట్టున ఆరబెట్టండి.